‘ఆదర్శ కారణాంకం’ అనొచ్చా? కుమ్మర్ మాటకి తెలుగు

ప్రశ్న:
జర్మన్ గణితజ్ఞుడు కుమ్మర్ తెచ్చిన ‘ఐడియల్ ప్రైమ్ ఫ్యాక్టర్’ని ‘ఆదర్శ ప్రధాన కారణాంకం’ అని రాస్తే తప్పా? బీజగణితంలో వలయాల (రింగ్‌ల) పాఠంలో ఐడియల్‌ని ఆదర్శం అనేవాళ్లున్నారు కదా, ఇక్కడా అదే వాడేస్తే పోలా?

జవాబు 1:
పోదండీ. అక్కడే ఉండి ఇబ్బంది పెడుతుంది. కుమ్మర్ 1847లో జర్మన్‌లో వాడింది విశేషణం. మేలైనది, అనుసరించదగ్గది అనే అర్థం అందులో లేదు. విడిగా చేతికి దొరకదు, అయినా ఉన్నట్టు ఎంచి లెక్క నడపొచ్చు అని దాని భావం. ఎదురుమాట ‘వాస్తవ’. దాన్ని నామవాచకం చేసింది మరో జర్మన్ గణితజ్ఞుడు డెడెకిండ్, 1871లో, డిరిక్లే సంఖ్యాశాస్త్ర పాఠాల పుస్తకానికి చేర్చిన అనుబంధంలో. ఆయన ఐడియల్ ఒక సంఖ్యల సమితి. కుమ్మర్‌ది సమితి కాదు. ఒకే తెలుగు మాట పెడితే, కుమ్మర్ సమితుల గురించి మాట్లాడుతున్నాడని చదివేవాళ్లు అనుకుంటారు.

జవాబు 2:
సంస్కృతంలో ఆదర్శం అంటే అద్దం కూడా. బొమ్మ కనిపిస్తుంది, పట్టుకుంటే దొరకదు! (చమత్కారమే లెండి, వాదన కాదు.)

ప్రశ్న అడిగినవారు:
పోనీ ‘కల్పిత కారణాంకం’?

జవాబు 1:
ఇంటర్ చదివిన ఎవరికైనా కల్పితం అనగానే √−1 గుర్తొస్తుంది. ఆ మాట ఖాళీగా లేదు. ‘భావిత’ కూడా లేదు. బ్రహ్మగుప్తుడి కాలం నుంచీ బీజగణితంలో అది రెండు అవ్యక్తాల (విలువ తెలియని రాశుల) లబ్ధానికి పేరు. ‘భావ ప్రధాన కారణాంకం’ అంటారా, భావకవిత్వం మీద వ్యాసం అనుకుంటారు.

జవాబు 3:
మాటకి ముందు వస్తువు చూద్దాం. క + ఖ√−5 రూపంలోని సంఖ్యలు తీసుకోండి. క, ఖ పూర్ణ సంఖ్యలు. 6 = 2 × 3. 6 = (1 + √−5)(1 − √−5) కూడా. క² + 5ఖ²ని నార్మ్ అంటారు. లబ్ధం నార్మ్ ఆ నార్మ్‌ల లబ్ధమే. ఈ నాలుగింటి నార్మ్‌లు 4, 9, 6, 6. దేన్ని విడగొట్టాలన్నా నార్మ్ 2 గానీ 3 గానీ ఉన్న సంఖ్య కావాలి. క² + 5ఖ² ఎప్పటికీ 2 కాదు, 3 కాదు. కాబట్టి నాలుగూ విడిపోవు, అయినా 6 రెండు రకాలుగా విడిపోయింది.

ఇక్కడ 2 లోపల ‘ప’ ఉందనుకోండి. ప ఏమిటని అడగొద్దు, ప భాగిస్తుందా అని మాత్రమే అడగండి. పరీక్ష ఇదీ: సంఖ్యని (1 + √−5)తో గుణించండి, లబ్ధం 2తో నిశ్శేషంగా పోతే ప ఉన్నట్టు. గుణిస్తే (క − 5ఖ) + (క + ఖ)√−5. అంటే క, ఖ రెండూ సరి లేదా రెండూ బేసి అయితే చాలు. 3 లోపల రెండున్నాయి: క + ఖ 3తో పోతే ‘ర’, క − ఖ పోతే ‘ల’. ఇప్పుడు 1 + √−5లో ప, ల ఉన్నాయి. 1 − √−5లో ప, ర. 3 = ర·ల, 2 = ప². రెండు దారుల్లోనూ 6 = ప·ప·ర·ల.

చాలామంది తప్పేది ఆ వర్గం దగ్గర. ప రెండుసార్లుందా అని చూడ్డానికి అదే పరీక్ష మళ్లీ పెడితే అదే జవాబొస్తుంది. (1 + √−5)తో రెండుసార్లు గుణించి, 4తో పోతుందో లేదో చూడాలి. 2 నెగ్గుతుంది, 1 + √−5 నెగ్గదు.

జవాబు 4:
చిన్న సవరణ. √−5 ఉదాహరణ కుమ్మర్‌ది కాదు, డెడెకిండ్ వాడినది. కుమ్మర్ పనిచేసింది 1 యొక్క మూలాలతో, అంటే ఏదో ఒక ఘాతానికి పెంచితే 1 అయ్యే సంఖ్యలతో. 23వ మూలాల దగ్గర 47కి ఉండాల్సిన 22 కారణాంకాల్లో ఒక్కటీ ఆ సంఖ్యల్లో విడిగా దొరకదు. ఏ ఒక్కదాన్నైనా ఘనం చేస్తే మాత్రం దొరుకుతుంది. ఆయన పోలిక కూడా చూడండి: ఫ్లోరిన్. అప్పటికి సమ్మేళనాల్లోనే తెలుసు, విడిగా ఎవరూ చూడలేదు. ఫ్రెంచి రసాయనవేత్త ముయస్సాఁ దాన్ని వేరుచేసింది 1886లో.

జవాబు 2:
అయితే ‘ఊహ్య’ ఎలా ఉంటుంది? ‘వచ్చాడు’ అన్న వాక్యంలో కర్త ఊహ్యం. మాట కనిపించదు, ‘డు’ చూసి పట్టుకుంటాం.

జవాబు 1:
నాకు నచ్చింది. ‘ఊహ్య ప్రధాన కారణాంకం’ కుమ్మర్‌కి, ‘ఐడియల్’ డెడెకిండ్‌కి అలాగే ఉంచేద్దాం. ఇంకొకటి: ప్రధాన, అవిభాజ్య ఒకే అర్థంలో వాడొద్దు. విడిపోనిది అవిభాజ్యం; ఒక లబ్ధాన్ని భాగిస్తే అందులో ఒకదాన్నైనా తప్పక భాగించేది ప్రధానం. పైన 2 అవిభాజ్యం, ప్రధానం కాదు. 6ని భాగిస్తూనే 1 + √−5ని గానీ 1 − √−5ని గానీ భాగించదు.

ప్రశ్న అడిగినవారు:
నేను రాసినదాంట్లో ‘ప్రధాన కారణాంకం’ని టైపింగ్‌లో ‘ప్రధాన కారణం’ చేసేశారు రెండు చోట్ల. అవీ దిద్దుతున్నాను.