హాలోజన్ బల్బు మీద వేలు ఆనిన చోట తెల్లమచ్చ, ఎందుకు?

అడిగినవారు: పాత స్లైడ్ ప్రొజెక్టర్‌లో హాలోజన్ బల్బు మార్చాను. తొందరలో వట్టి చేత్తోనే పట్టుకుని బిగించేశాను. కొన్ని వారాలకే పోయింది. తీసి చూస్తే సరిగ్గా నా బొటనవేలు ఆనిన చోటే తెల్లటి మచ్చ, దాని మీద సన్నటి బీటలు. ఎంత తుడిచినా పోవడం లేదు. మామూలు బల్బుల్ని ఎప్పుడూ చేత్తోనే పట్టుకుంటాం కదా, వాటికేమీ కాదే? ఇంకోటి, కాళ్ల దగ్గర గాజును చపటగా నొక్కేశారు. లోపల తళతళలాడే రేకు కనిపిస్తోంది. అదెందుకు?

జవాబు 1: పొరపాటున చెయ్యి తగిలితే వెలిగించక ముందే స్పిరిట్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచేయాలండి. ఒకసారి కాలాక ఇక పోదు.

జవాబు 2: దీపాల తయారీలో, గాజు గొట్టాలు నొక్కి మూసే మిషన్ మీద పంతొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ మచ్చలు ఎన్ని చూశానో!

మీ బల్బుది క్వార్ట్జ్ గాజు, అంటే దాదాపు వట్టి సిలికా. ఫిలమెంట్ నుంచి ఎగిరిన టంగ్‌స్టన్ గోడకు పట్టేయకుండా, లోపలున్న హాలోజన్ వాయువుతో కలిసి తిరిగి ఫిలమెంట్ మీదికే చేరాలంటే గోడ కనీసం 250 డిగ్రీల వేడిమీద ఉండాలి. చాలా బల్బుల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. సోడా, సున్నం కలిసిన మామూలు గాజు 700 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. క్వార్ట్జ్ 1,600 దాటితే గానీ లొంగదు.

చెమటలో ఉప్పుంది, ఉప్పులో సోడియం ఉంది. ఆ వేడికి సోడియం తగిలిన చోట సిలికా గాజుగా నిలవలేక స్ఫటికాలు కడుతుంది. మీరు చూసిన తెలుపు మురికి కాదు, గాజే మారిపోయింది. చల్లారేటప్పుడు స్ఫటికం ఒకలా, చుట్టూ ఉన్న గాజు ఇంకోలా ముడుచుకుంటాయి, అందుకే బీటలు. మామూలు బల్బు గాజులో సోడియం మొదట్నుంచీ ఉంది, పైగా అది అంత వేడెక్కదు.

ఆ రేకు మాలిబ్డినం అనే లోహం. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైనది అదే. వేడికి క్వార్ట్జ్ దాదాపు సాగదు, లోహం దానికి తొమ్మిది పది రెట్లు సాగుతుంది. లావు తీగ పెడితే చల్లారగానే గాజును వదిలేసి సందు ఇచ్చేస్తుంది. అందుకే 20, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేకు, అంచులు కత్తిలా పల్చగా. అంత పల్చనిది గనకే గాజుతో పాటు సర్దుకుపోతుంది. రెండు పక్కల నుంచీ మంట కొట్టి, గొట్టం తెల్లగా వెలుగుతుండగా మిషన్ దవడలు వచ్చి చప్పున నొక్కేస్తాయి. ఆ నొక్కిన చోటు 350 డిగ్రీలు దాటితే గాలి తగిలి రేకు ఆక్సైడ్‌గా మారి ఉబ్బుతుంది, గాజు పగులుతుంది. మీ ప్రొజెక్టర్ ఫ్యాన్ బాగా తిరుగుతోందో లేదో తప్పకుండా చూసుకోండి.

అడిగినవారు: చాలా థాంక్సండి. మరి వీధుల్లో పసుపు వెలుగిచ్చే హై ప్రెషర్ సోడియం దీపంలో ఉండేదే సోడియం కదా! దాన్ని క్వార్ట్జ్ ఎలా తట్టుకుంటుంది?

జవాబు 2: తట్టుకోలేదండి. అందుకే దాని లోపలి గొట్టం అసలు గాజే కాదు, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పింగాణీ. పాలరంగులో ఉంటుంది, వెలుతురు మాత్రం దాటిపోతుంది. 1950ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ కోబుల్ దాని కిటుకు పట్టుకున్నారు. అల్యూమినా పొడిలో చిటికెడు మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) కలిపి కాలిస్తే, వెలుతురును చెదరగొట్టే సన్న రంధ్రాలు పూడిపోతాయి.