ఉప్పందింది, ఉప్పు అందింది

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. డయాన్ మాట్ డేవిడ్‌సన్ 1990లో మొదలుపెట్టిన అపరాధ పరిశోధన నవలల్లో మొదటిదాన్ని మా చెల్లెలి కోసం సరదాగా తెలుగు చేస్తున్నాను. కొలరాడో కొండల్లో ఒక కల్పిత ఊరు, అక్కడ విందులకు వండిపెట్టి బతికే గోల్డీ. అంత్యక్రియల తర్వాతి భోజనాల దగ్గర ఆమె మాజీ మామగారి మీద విషప్రయోగం జరుగుతుంది. వండింది ఆమె కాబట్టి పోలీసులు వ్యాపారం మూయిస్తారు. మళ్లీ పొయ్యి వెలగాలంటే దోషిని తానే పట్టుకోవాలి.

చిక్కేమిటంటే, ఈ రచయిత్రి పేర్లన్నీ శ్లేషలే. 1993 నాటి నవల పేరు ‘ది సీరియల్ మర్డర్స్’. వరుస హత్యలకూ, పొద్దున్నే పాలలో వేసుకుని తినేదానికీ ఇంగ్లీషులో పలుకు ఒకటే, రాత వేరు. తెలుగు లిపిలో రెండూ ‘సీరియల్’. శ్లేష కంటికి కనబడకుండానే చచ్చింది. పైగా మనకు సీరియల్ అంటే రాత్రి టీవీలో వచ్చేది! వంటా నేరమూ కలిసిన తెలుగు మాట ఏదైనా ఉందా? గోల్డీని ఏమని పిలవాలో కూడా చెప్పండి.

మొదటి జవాబు: కేటరింగ్ ఆవిడ అనండి, చాలు. వంటమనిషి అంటే ఒకరింట్లో జీతానికి వండే మనిషి. వంటమేస్త్రి గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ గరిటె తిప్పే మనిషి. అడ్వాన్సు పుచ్చుకుని, పళ్లేలూ బల్లలూ వడ్డించేవాళ్లతో సహా దిగే మనిషికి ఆ రెండూ నప్పవు. ‘పాకశాస్త్ర ప్రవీణ’ లాంటివి దయచేసి వద్దు.

నవల పేరంటారా, ‘ఉప్పందింది’. రహస్యంగా సమాచారం చేరడానికి అంతకంటే వంటింటి మాట ఇంకేముంది?

రెండో జవాబు: మాట బాగుంది, కానీ శ్లేష అనగలమా? ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధి యగు’ అన్నాడు చిన్నయసూరి. ఉప్పు, అందింది కలిస్తే ఉప్పందిందే. విస్తట్లో ఉప్పు పడినా, పోలీసులకు కబురు చేరినా రూపం ఒకటే కదా మాస్టారూ.

మొదటి జవాబిచ్చినవారు: సూత్రం ప్రకారం మీరన్నది నిజమేనమ్మా. వాడుక మాత్రం రెంటినీ విడదీసేసింది. బంతిలో ‘మీకు ఉప్పు అందిందా?’ అని ఆగి ఆగి అడుగుతాం. పత్రికలో ‘పోలీసులకు ఉప్పందింది’ అని చదువుతాం. దాన్నే ‘పోలీసులకు ఉప్పు అందింది’ అని రాసి చూడండి, స్టేషన్లో భోజనాలు జరుగుతున్నట్టుంటుంది. ‘పప్పులో కాలేశాడు’ కూడా అంతే. అది ఉత్వసంధి కాదు, వకారం జారిపోయింది, అయినా తమాషా అదే. కాలేస్తే పొరబడ్డాడు, కాలు వేస్తే పప్పు పారబోయాలి.

ఇంకొకటి. మా నాయనమ్మ ఉప్పు ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. గిన్నె నేలమీద పెట్టి ‘తీసుకో’ అనేది, చేతికిస్తే తగవులొస్తాయని. నుడికారం అందులోంచే పుట్టిందని కథ అల్లబోవడం లేదు. కానీ ఉప్పు చేతులు మారితే ఏదో జరుగుతుందని భయపడే జనానికి ఆ పేరు చూడగానే చిన్న జలదరింపు ఖాయం.

మూడో జవాబు: గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడాన్ని మరిచారేం? బూడిదగుమ్మడిని భుజాన మోస్తే తెల్లపొడి అంటుతుంది. నిందితుడు, వస్తుసాక్ష్యం, తనంతట తానే దొరికిపోవడం, అన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి. మీ గోల్డీకి ఇంతకంటే పరిశోధన ఏముంటుంది?

ప్రశ్న అడిగినవారు: గుమ్మడికాయ చివరి అధ్యాయానికి పేరు. ‘నీ పప్పులుడకవు’ అని గోల్డీ చేత ఒకసారి అనిపించాలని నాకు ముందే ఉంది. ముఖచిత్రం మీద మాత్రం కలిపి రాయాలా, విడదీయాలా?

మొదటి జవాబిచ్చినవారు: కలిపే రాయండి. విడదీస్తే వంటల పుస్తకమనుకుని కొంటారు.

ప్రశ్న అడిగినవారు: కొన్నా నష్టం లేదండీ, గోల్డీ వంటకాలు కొలతలతో సహా నవలలోనే ఉన్నాయి. ఆ కప్పుల లెక్క తెలుగు చేయడం ఇంకో తలనొప్పి.