కొత్త .32 పిస్టల్ కొన్నా, హోల్‌స్టర్ అమరడం లేదు

ఇందుకూరుపేట_రొయ్య
ఏళ్ల తరబడి తిరిగితే లైసెన్స్ వచ్చింది. పోయిన నెల .32 అశని తీసుకున్నా. రొయ్యల పట్టుబడి రోజుల్లో చేతిలో డబ్బుంటుంది, రాత్రిళ్లు చెరువు కాడ ఒక్కడినే. షాపాయన ఇచ్చిన తోలు హోల్‌స్టర్‌లో పిస్టల్ గిలక్కాయలా ఊగుతోంది. గతుకుల్లో బైకు మీద పోతే ఒక చెయ్యి దాని మీదే. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ సరిగ్గా అమరేది ఎక్కడ దొరుకుతుంది? ఉప్పుగాలికి ఏ నూనె వాడుతున్నారు? రౌండ్లు, అదే తూటాలు, ఎక్కడ కొంటున్నారు?

చీమకుర్తి_గెలాక్సీ
నీకిచ్చింది రివాల్వర్ కవరు తమ్ముడూ. నాకూ అదే అంటగట్టారు. రివాల్వర్‌కి సిలిండర్ దగ్గర పొట్ట ఉంటుంది. ఆ పొట్టకు కోసిన తోలులో పల్చటి పిస్టల్ పెడితే ఊగక ఏం చేస్తుంది? నేను ఆన్‌లైన్‌లో గ్లాక్ అనే విదేశీ పిస్టల్‌కి చేసిన ప్లాస్టిక్‌ది తెప్పించా. 1,400 బూడిదలో పోసిన పన్నీరు. దిగడం దిగింది గానీ ట్రిగ్గర్ సగం బయటే. దాన్ని నడుముకు పెట్టుకొని కారెక్కితే ఎవరి తొడ పోతుందో!

మాజీ_సుబేదార్
24 ఏళ్లు ఫౌజులో చేసినవాణ్ణి, వినండి. హోల్‌స్టర్ కొత్తది కొననక్కర్లేదు. తోలును గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. పిస్టల్ ఖాళీ చేసి, తూటా కూర్చునే ఛాంబర్ రెండుసార్లు చూసుకొని, పాలిథిన్ కవరు చుట్టి అందులో దూర్చండి. అంచులు వేళ్లతో నొక్కి నీడన ఆరబెట్టండి. అచ్చు దిగుతుంది. రౌండ్లంటావా, .32 అంటే .32 నే. రివాల్వర్ ఉన్నవాళ్లను అడిగినా ఇస్తారు.

గురి_తప్పనోడు
సుబేదార్ గారూ, ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి. పిస్టల్‌ది .32 ఏసీపీ, 7.65 × 17. కాన్పూరు రివాల్వర్‌ది .32 లాంగ్, 7.65 × 23. పొడుగులో ఆరు మిల్లీమీటర్ల తేడా. మ్యాగజైన్‌లో పట్టనే పట్టదు. అయినా అడిగి తీసుకోవడమేంది, చక్కెరా? కొన్న ప్రతి రౌండూ లైసెన్స్‌లో ఎక్కాలి.

మాజీ_సుబేదార్
నువ్వు పుట్టకముందు 9 ఎంఎం పేల్చాను. నాకు మిల్లీమీటర్లు నేర్పుతావా?

గురి_తప్పనోడు
మీరు పేల్చింది సర్కారు రౌండ్లు, కొన్నవి కాదు. 9 ఎంఎం నిషిద్ధ బోరు, మనబోటి వాళ్లకు లైసెన్స్ ఇవ్వరు. అందుకే గదా అందరం .32 పట్టుకొని తిరిగేది. తెలియకపోతే అడగండి, తప్పులేదు.

మాజీ_సుబేదార్
పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ.

కందుకూరు_పెద్దాయన
మీ పోట్లాట తర్వాత. నేను పంచె కడతాను, బెల్టు ఉండదు. హోల్‌స్టర్ చేసేవాళ్లెవరూ పంచె కట్టే మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. మొలతాడుకు కట్టుకోమంటారా? ఇప్పుడు పంచె లోపల నిక్కరుకు బెల్టు పెట్టి తిరుగుతున్నా, ఎండాకాలం నరకం. ఇది చాలదన్నట్టు 2022లో మా ఊరిని ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు. నా లైసెన్స్ ఫైలు ఏ జిల్లాలో ఉందో తెలుసుకోవడానికే చెప్పులరిగాయి.

పెన్నా_ఒడ్డు
పెద్దాయనా, చేతిసంచిలో పెట్టుకోండి. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం బయట హోల్‌స్టర్‌లోనో సంచిలోనో కప్పి ఉంచాలి, అంతే. బెల్టుకే ఉండాలని లేదు.

కందుకూరు_పెద్దాయన
సంచి మా మనవడు లాగుతాడయ్యా.

అల్లూరు_మిల్లు
తోలు గురించి నా ఏడుపు వినండి. 2024 ఎన్నికలకు మార్చిలో పిస్టల్‌ను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశా, హోల్‌స్టర్‌తో సహా. జూన్‌లో తెచ్చుకుంటే స్లైడ్ మీద, అదే పిస్టల్ పైభాగం మీద, బియ్యపు గింజంత మచ్చలు. తోలు చెమ్మ పీల్చి ఇనుముకు అంటించింది. ఆ పూట నూనె రాసి, విడిగా గుడ్డలో చుట్టి ఇవ్వాల్సింది నేనే. ఇంట్లో కూడా తోలులో నిల్వ పెట్టకండి. తుపాకులకు వాడే నూనే రాయండి, వంటనూనెలు మాత్రం వద్దు, జిగురు కడతాయి.

ఎడంచేతి_వాటం
ఎడమచేతి వాళ్లకు ఒక్కటైనా దొరికిందా? అడిగినచోటల్లా నవ్వుతున్నారు.

చీమకుర్తి_గెలాక్సీ
మొన్న మా బంధువుల పెళ్లిలో ఒకాయన నలుగురిలో తీసి చూపిస్తున్నాడు, పేలుస్తానంటాడు. పెళ్లిళ్లలో పేలిస్తే 2019 నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని చెబితే గానీ లోపల పెట్టలేదు.

ఇందుకూరుపేట_రొయ్య
సుబేదార్ గారు చెప్పినట్టే చేశా. ఆరాక మళ్లీ లొడలొడ, రంగు కూడా దిగింది. నెల్లూరులో చెప్పులు కుట్టే ఆయన్ని అడిగితే కొత్తది కుడతానన్నాడు. మంచి పనివాడు. కానీ "వస్తువు ఇచ్చిపో, ఎల్లుండి రా" అంటున్నాడు.

గురి_తప్పనోడు
ఇచ్చావో, మీరిద్దరూ కేసులో ఉంటారు. లైసెన్స్ లేని మనిషి దగ్గర ఒక్క రాత్రి కూడా వదలకూడదు. నీళ్ల వైద్యం సంగతి కూడా చెబుతా. తంగేడు చెక్క లాంటి వాటితో పదును చేసిన తోలుకే అచ్చు నిలుస్తుంది. క్రోమ్‌తో పదును చేసిన తోలు ఆరగానే మొదటికొస్తుంది. మన షాపుల్లో వచ్చేది చాలావరకు అదే.

మాజీ_సుబేదార్
మా రోజుల్లో తోలు తోలులా ఉండేది. రౌండ్ల మాట మాత్రం ఒప్పుకుంటున్నా, పొద్దున మా వాడి రివాల్వర్‌ది పక్కన పెట్టి చూశా. పొడుగే.

ఉదయగిరి_కొండ
ఈ తోలు తిప్పలు నేనూ పడ్డా. ఇంట్లో తలుపేసుకొని, ఖాళీ చేసిన అశనిని అట్ట మీద పెట్టి చుట్టూ గీత గీశా. మందం స్కేలుతో ఐదు చోట్ల కొలిచా. ఆ అట్ట తీసుకెళ్లి మా ఊళ్లో చెంచాలు చెక్కే ఆయనకిచ్చా. నర్ది చెక్కతో పిస్టల్ దించేశాడు, ట్రిగ్గర్ గార్డుతో సహా. చెప్పులాయన దగ్గర వదిలింది ఆ చెక్క పిస్టల్‌నే. తోలు దాని మీదే మేకులు కొట్టి బిగించి కుట్టాడు. చెక్కకు 300, కుట్టుకూలితో కలిపి తోలుకు 1,100. తలకిందులు చేసినా జారదు.

ఎడంచేతి_వాటం
అన్నా, ఆ చెక్కది ఒక వారం ఇస్తావా? దాని మీద ఎడమవైపుకు కుట్టించుకుంటా.

ఇందుకూరుపేట_రొయ్య
అడిగింది ముందు నేను. ఆదివారం ఆత్మకూరు దాకా వస్తా, అక్కడ ఇస్తావా అన్నా?

ఉదయగిరి_కొండ
రా. ముందు నువ్వు, తర్వాత అతను. పాత గోనెసంచిలో చుట్టి ఇస్తా, బస్సులో బయటికి తీయబాక. నేను తీసి పక్కాయనకు పనితనం చూపించబోతే కండక్టర్ బస్సు ఆపేశాడు.