సైన్స్ డేకి అయిదేళ్ల బాబుని ల్యాబ్‌కి తీసుకెళ్లొచ్చా?

నాగోలు అమ్మ: ఫిబ్రవరి 28న హబ్సిగూడలో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ లాంటి ల్యాబ్‌లు జనాన్ని లోపలికి రానిస్తాయని విన్నాను. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి అయిదు, అత్తయ్యగారూ వస్తానంటున్నారు. బాబుకి ఏమైనా అర్థమవుతుందా, జనంలో నలిగిపోతాడా అని టెన్షన్‌గా ఉంది.

సైన్స్ టీచర్: తప్పకుండా వెళ్లండి. పోస్టర్ల దగ్గర నిలబెట్టి చదివించకండి, చేత్తో చేయించే టేబుల్ ఎక్కడుందో ముందు అడగండి. ముందురోజు ఇంట్లో ఒకటి చేసి చూపిస్తే ఇంకా మంచిది: ఉల్లిపాయ మెత్తగా నూరి, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి వడకట్టండి, ఆ నీళ్లున్న గ్లాసు అంచు మీదుగా బాగా చల్లబరిచిన స్పిరిట్ మెల్లగా పోస్తే పైన తెల్లటి పోగులు తేలతాయి, అదే డీఎన్‌ఏ. కణాల పొరల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి సబ్బు వాటిని విడగొడుతుంది, చల్లటి స్పిరిట్‌లో డీఎన్‌ఏ కరగదు. స్పిరిట్ మీరే పోయండి, పొయ్యి దగ్గర వద్దు.

ఇద్దరు పిల్లల నాన్న: ఎవరిని, ఏ టైమ్‌కి రానిస్తారో ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, కొన్నిచోట్ల స్కూళ్లకే అనుమతి. బాబుకైతే బిర్లా సైన్స్ సెంటర్ నయం, అక్కడ మన యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది, వాడు కదలడు చూడండి!

నాగోలు అమ్మ: థాంక్సండీ. ఉల్లిపాయ పని అత్తయ్యగారే చేయిస్తానంటున్నారు.