వెలంపల్లి 2222: అడిగిన వెంటనే బాప్తిస్మమా, ఆగి చూసి ఇవ్వాలా?

గుండ్లకమ్మ_గట్టు:
అందరికీ వందనాలు. సంఘం ఎదుగుదల గురించి ఏ చర్చ మొదలైనా రెండో పేజీకల్లా వెలంపల్లి దగ్గరికే చేరుతోంది. "ఒక్కరోజులో 2222 మంది" అని ఒకరు గర్వంగా అంటారు. "మన సంఘాల్లో లోతు లేకపోవడానికి అదే మూలం" అని ఇంకొకరు. అందుకని విడిగా ఈ థ్రెడ్ పెడుతున్నాను.

తెలియనివారికి టూకీగా: అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. పని జరిగే చోటనే బోధకులు వాక్యం చెప్పేవాళ్ళు. బాప్తిస్మం అడిగినా సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని. సాయం ఆపేశాక కూడా జనం వచ్చారు. ఒంగోలులో మశూచి ఉండటంతో పది మైళ్ళ అవతల, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో కలుసుకున్నారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2222, 4న 700. ఆ ఏడాది చివరికి మొత్తం 9606.

ప్రశ్న: ఇది మనకు నమూనానా, హెచ్చరికా? ఇవాళ ఒక మనిషి వచ్చి "నేను యేసును నమ్ముకున్నాను, బాప్తిస్మం ఇవ్వండి" అంటే ఎన్నాళ్ళు ఆపాలి?

పాత_రిజిస్టరు:
ముందు కూడికలు, భాగహారాలు. ఆ రోజు నీళ్ళలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నిలబడి, అలసిపోతే మారేవాళ్ళు. దొర స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకు ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా చేశారు. నీళ్ళలో గడిచింది సుమారు తొమ్మిది గంటలు అనుకోండి. ఒకేసారి ఇద్దరు నిలబడితే ఒక్కో చోటికి 1111 మంది. అంటే మనిషికి 29 సెకన్లు. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున" అనడానికే ఏడెనిమిది సెకన్లు పడుతుంది. మిగతా ఇరవైలో మనిషి దిగాలి, మునగాలి, లేవాలి, పక్కకు జరగాలి. చేయొచ్చు, చేశారు. కానీ ఆ ఇరవై సెకన్లలో "నువ్వు ఎందుకొచ్చావు?" అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. నా అభ్యంతరం అదే.

పల్లె_పాస్టర్:
బ్రదర్, ఆ ప్రశ్న నీళ్ళలో అడిగేది కాదు, ఒడ్డున అడిగేది. జనం పల్లెలవారీగా కూర్చున్నారు. ఏ పల్లెకు బాధ్యుడైన బోధకుడు ఆ పల్లె గుంపు పక్కన ఉన్నాడు. తనకు తెలిసినవాళ్ళనే ముందుకు పంపాడు. 29 సెకన్లు కనిపిస్తాయి, వెనకున్న పదిహేను నెలలు కనిపించవు.

ఇంకో సంగతి. ఆ పదిహేను నెలలకు ముందు పదేళ్ళకు పైగా ఉన్నాయి. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు 1866లోనే బాప్తిస్మం తీసుకుని, తోలు వ్యాపారం మీద తిరిగే ఊళ్ళన్నిటిలో, బంధువుల ఇళ్ళల్లో చెప్పుకుంటూ పోయాడు. దొర కంటే ముందు ఆ వాడల్లోకి పోయింది ఆయన మాట. చేరేవాళ్ళకు పెట్టిన షరతులు కూడా మెత్తనివి కావు: విగ్రహారాధన వద్దు, ఆదివారం పని వద్దు, చచ్చిన గొడ్డు మాంసం వద్దు. మాదిగపల్లెలో ఈ మూడిటికీ ఒప్పుకోవడమంటే ఏమిటో ఆలోచించండి. ఆదివారం పని మానితే కరణానికీ మునసబుకూ కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. అంత ఖరీదు పెట్టినవాడికి ఇంకా పరీక్ష పేపరు ఇవ్వాలా?

పాత_రిజిస్టరు:
షరతుల మాట ఒప్పుకుంటాను. కానీ ఆ మూడూ మానుకోవాల్సినవే. నేర్చుకోవాల్సింది ఏదీ లేదు అందులో. ఆజ్ఞ తెలియకుండా, ప్రభువు ప్రార్థన రాకుండా, యేసు ఎవరో నాలుగు ముక్కల్లో చెప్పలేకుండా సభ్యుడైతే, ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఎక్కడికి పోతాడు? తాయెత్తు కట్టేవాడి దగ్గరికే. గుంపుగా వచ్చిన సంఘాల్లో తరచూ కనబడే జారుడు మెట్టు ఇదే: నీళ్ళలో దిగినప్పుడు కాదు, మొదటి జబ్బు, మొదటి చావు, మొదటి పెళ్ళి దగ్గర.

అపొస్తలుల కార్యాలు 2:41లో మూడువేల మంది ఒకే రోజున చేరారని ఎవరో అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. వాళ్ళు యూదులు. ధర్మశాస్త్రం, కీర్తనలు, ప్రవక్తలు పుట్టినప్పటినుంచి విన్నవాళ్ళు. అన్యజనుల మధ్యకు వెళ్ళాక సంఘం తన పద్ధతి మార్చుకుంది. మూడో శతాబ్దపు సంఘ క్రమంలో బాప్తిస్మానికి ముందు మూడేళ్ళు బోధ వినాలన్న నియమం ఉంది.

సండేస్కూల్_టీచరు:
ఆ క్రమంలోనే పక్క వాక్యం కూడా ఉంది కదండీ: శ్రద్ధగలవాడైతే కాలాన్ని కాదు, నడవడికను చూడాలని. ఇక ఫిలిప్పీ చెరసాల నాయకుడు (అ.కా. 16:33) అన్యుడే. ఆ రాత్రే, ఇంటిల్లిపాదీ. అందువల్ల వాక్యంతో ఒకరినొకరు కొట్టుకుని లాభం లేదు, రెండు వైపులా ఉంది.

మా వైపు శిక్షణ ఇచ్చేవాళ్ళం పాటించేది ఇదీ. పన్నెండు వారాలు, వారానికి గంటన్నర, చదువు రానివాళ్ళకు విడి గుంపు. మొదటి నాలుగు వారాలు సువార్త కథలే, మార్కు నుంచి, వరసగా. తర్వాత మూడు వారాలు పది ఆజ్ఞలు. రెండు వారాలు ప్రభువు ప్రార్థన, ఒకటి విశ్వాస ప్రమాణం, ఒకటి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం). చివరి వారం ఇంటి సంగతులు: అప్పులు, తాగుడు, రెండో సంసారం, కట్నం. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, ఇబ్బందిగా ఉంటుందని. తర్వాత గొడవలన్నీ అక్కడినుంచే పుడతాయి.

చదువు రానివాళ్ళకు నోట్సు ఇచ్చి పంపేవాళ్ళను చూస్తే నాకు కోపం. వాళ్ళకు పాటలో పెట్టండి. పది ఆజ్ఞలు కోలాటం బాణీలో పెడితే రెండు వారాల్లో వాడంతా పాడుతుంది. పేపరు మీద పెడితే ఎన్నటికీ రాదు. ఒక్కొక్కరినీ అడిగేటప్పుడు "నమ్ముతున్నావా" అనొద్దు. అందరూ అవుననే అంటారు. "మీ అత్తగారు జాతరకు మేకను తెమ్మంటే ఏం చేస్తావమ్మా?" అని అడగండి. అసలు జవాబు అక్కడ వస్తుంది.

దోర్నకల్_స్టేషన్:
ఇక్కడ అందరూ బాప్తిస్టు లెక్కలోనే మాట్లాడుతున్నారు. మా వైపు కథ వేరు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరులో ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న ఆయన పోయేనాటికి ఆయన పర్యవేక్షణలో ఉన్న ప్రాంతం, అంటే ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. గుంపుల బాప్తిస్మం అక్కడా జరిగింది, చంటిబిడ్డలతో సహా. తేడా ఎక్కడంటే, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత వాళ్ళ తలమీదే చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందినవాడను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని పలికించేవాడు. 1 కొరింథీ 9:16 మాట. నీళ్ళు ముగింపు కాదు, పనిలో చేరిన మొదటి రోజు.

రెండోది, పల్లె ఉపాధ్యాయులు. దోర్నకల్‌లో శిక్షణకు వచ్చినవాళ్ళు భార్యలతో వచ్చేవాళ్ళు, ఆవిడకూ చదువు ఉండేది. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ళ దగ్గరికి అయ్యగారు పోలేడు, అమ్మగారు పోవాలి. ఇంట్లో మొక్కులూ ముడుపులూ నడిపేది ఆడవాళ్ళే. వాళ్ళకు బోధ అందకపోతే మగవాళ్ళ పన్నెండు వారాలు గంగపాలు. మూడోది కానుక. డబ్బు లేనిచోట పిడికెడు బియ్యం: పొద్దున్నా సాయంత్రం ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు విడిగా కుండలో. ముప్ఫై ఇళ్ళు రోజుకు రెండు పిడికెళ్ళు తీస్తే, పిడికెడు నలభై గ్రాములు వేసుకున్నా నెలకు డెబ్బై కిలోలు దాటుతుంది. ఒక ఉపాధ్యాయుడి కుటుంబం తిండికి సరిపోయి మిగులుతుంది. ఒంగోలు వైపు దెబ్బ తిన్నది ఇక్కడే అని నా అభిప్రాయం. సంఖ్య ముందు పరుగెత్తింది, పోషణ మిషన్ డబ్బు మీద ఆగింది.

పల్లె_పాస్టర్:
"దెబ్బ తిన్నది" అనడం కొంచెం ఎక్కువ అన్నా. రామాపట్నం సెమినరీ 1872లోనే పెట్టారు, అంటే వెలంపల్లికి ఆరేళ్ళ ముందే. బోధకులు కావాలన్న ముందుచూపు ఉంది. అయితే ఒక్క ఏడాదిలో తొమ్మిదివేల పైచిలుకు వస్తే ఏ సెమినరీ తట్టుకోదు. వందల పల్లెల జనం అంతా కాగితం మీద ఒకే ఒంగోలు సంఘం. పన్నెండు వేలు దాటిన సభ్యత్వం. ప్రభువు బల్లకు ఎన్నిసార్లు ఒంగోలు నడిచి రాగలరు? తర్వాత విడివిడి సంఘాలుగా కట్టాల్సి వచ్చింది. ఆ పని ముందే మొదలుపెట్టి ఉండాల్సిందని నేనూ ఒప్పుకుంటాను.

నాకు తోచిన కొలత చెబుతాను. "ఎన్ని వారాలు" అని కాదు, "బాప్తిస్మం తీసుకున్నవాడి ఇంటికి బుధవారం రాత్రి నడిచి వెళ్ళగల మనిషి ఉన్నాడా" అని చూడాలి. ఒక కాపరి మోటారుసైకిలు మీద ఐదు పల్లెలు తిరుగుతాడు, ఆరోది మొదలుపెట్టగానే మొదటిది వాడిపోతుంది. పల్లెలో నమ్మకమైన ఇద్దరు, ఒక మగ ఒక ఆడ, పాట ఎత్తి ప్రార్థన నడపగలిగినవాళ్ళు దొరికాకే అక్కడ నీళ్ళు. దొరకలేదా, ఇంకో ఏడాది ఆగండి.

పాత_రిజిస్టరు:
ఇది మాత్రం నా వైపు మాటే. ఉజ్జీవ సభల్లో చేసేది దీనికి సరిగ్గా ఎదురు. మూడు రాత్రుల సభ, చివరి పొద్దున కాలువ దగ్గర బాప్తిస్మాలు, ప్రసంగీకుడు మధ్యాహ్నం బండెక్కుతాడు. పేర్లు ఒక చీటీ మీద, ఊరి పేరు సగంమందికి ఉండదు. ఏ సంఘమూ వాళ్ళను తనవాళ్ళుగా లెక్కపెట్టదు.

ఘాటు_మెట్లు:
లోపలి సంగతులు అందరూ చెప్పారు, బయటి సంగతి ఒకటి ఎవరూ చెప్పలేదు. కాలువలో ఇచ్చేవాళ్ళు ముందు రోజే కాలువ తూములు చూసే ఇరిగేషన్ లస్కర్‌ను అడగాలి, పైనుంచి నీళ్ళు ఎప్పుడు వదులుతారని. నడుముదాకా చాలు, ఛాతీ దాటితే పొట్టివాళ్ళకు కాళ్ళు లేస్తాయి. నాచు పట్టిన మెట్టు మీద ఇసుక బస్తా వేయండి. తొట్టి కట్టుకునే సంఘాలు లోతు నాలుగడుగులు పెట్టి మూడడుగుల మీద కొంచెం నీళ్ళు నింపితే సరి. ఒకవైపు దిగే మెట్లు, ఇంకోవైపు ఎక్కే మెట్లు. ఒకే వైపు పెడితే దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళు గుద్దుకుంటారు.

ముంచేటప్పుడు మనిషిని చెట్టు కొట్టినట్టు వెనక్కి పడేయకండి. మోకాళ్ళు వంచమనాలి. ఎడమచెయ్యి మెడ కింద, కుడిచేత్తో అతని జోడించిన చేతులు పట్టి ముక్కు దగ్గరికి తీసుకురావాలి. ముసలివాళ్ళకు ఇద్దరు పట్టాలి. లోపల అరక్షణమే. తెల్ల చీర తడిస్తే ఆడవాళ్ళకు ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు, ముదురు రంగు మందపాటి బట్ట పెట్టండి. ఒడ్డున దుప్పటి పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు నిలబడాలి. మూర్ఛ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగాలి, ఇది మర్చిపోయే ప్రమాదాలు జరుగుతాయి.

గుండ్లకమ్మ_గట్టు:
బాగుంది. ఒక్క ప్రశ్న మిగిలింది. శిక్షణ పూర్తి చేసి, నమ్మకం ఉండి, పేరు మాత్రం రిజిస్టరులో వద్దనేవాళ్ళ సంగతి?

పాత_రిజిస్టరు:
దీన్ని దాటవేయకూడదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన దగ్గర వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపు, అంటే బీసీ-సీలోకి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. ఉద్యోగం, స్కాలర్‌షిప్, పోటీచేసే సీటు అన్నీ ఆ ఎస్సీ హోదా మీదే. కాబట్టి బాప్తిస్మానికి ముందే ఈ విషయం కుటుంబంతో కూర్చుని చెప్పాలి. చెప్పకుండా ముంచి, తర్వాత సర్టిఫికెట్ దగ్గర కుటుంబం ఇరుక్కుంటే ఆ పాపం కాపరిదే. అలాగని రెండు రిజిస్టర్లు రాయడం, తేదీ లేకుండా పేరు రాయడం, అడిగితే "సభ్యుడు కాదు" అనడం సంఘ పెద్దలు చేయాల్సిన పని కాదు.

పల్లె_పాస్టర్:
ఆ చట్టం న్యాయమా అన్నది వేరే చర్చ, నాకు న్యాయంగా కనబడదు. కులం మతం మారితే పోతుందా, సమాధుల దొడ్డి కూడా విడిగానే ఉంది కదా. కానీ చెప్పి తీరాలన్నదానికి ఒప్పుకుంటాను. చెప్పాక కూడా వస్తానంటే వాళ్ళ ఇష్టం, ఆగుతానంటే ఆగనివ్వండి. ఆదివారం కూర్చోవడానికి, ప్రార్థించడానికి, వాక్యం వినడానికి రిజిస్టరు అక్కర్లేదు.

సండేస్కూల్_టీచరు:
ఆపకూడనివాళ్ళ గురించి ఇంత మాట్లాడాం, ఆపాల్సినవాళ్ళు ఒకరున్నారు: మే నెల పెళ్ళికొడుకులు. సంబంధం కుదిరింది, చర్చిలో పెళ్ళికి బాప్తిస్మం కాగితం కావాలి, పది రోజులు టైముంది. అక్కడ మాత్రం పన్నెండు వారాలకు ఒక్క రోజు తగ్గించొద్దు. పెళ్ళి రిజిస్ట్రారు దగ్గర చేసుకోమనండి, దానికి బాప్తిస్మం అక్కర్లేదు.

దోర్నకల్_స్టేషన్:
దానికి ఒప్పుకోని పెద్దలు సగం సంఘాల్లో ఉంటారండీ, కట్నంతో పాటు చర్చికి ఫ్యాన్లు కూడా వస్తాయని. ఇంకో చిన్న విషయం: ఊరు వదిలి హైదరాబాదో బెంగళూరో పోయేవాళ్ళకు బదిలీ ఉత్తరం ఇవ్వండి. పేరు, బాప్తిస్మం తేదీ, ప్రభువు బల్లకు వస్తున్నాడా లేదా, కాపరి సంతకం. అక్కడి కాపరికి ఫోను కూడా చేయండి, ఎందుకంటే ఉత్తరం పెట్టెలో అడుగునే ఉండిపోతుంది.