చేత్తో చేసిన క్రిస్మస్ కార్డులు వంకర తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలతో 40 కార్డులు చేయిస్తున్నాను. చర్చికి రాలేక మంచం మీదే ఉన్న పెద్దవాళ్లకు 24న ఇళ్లకెళ్లి ఇవ్వాలి. చార్ట్ మీద తెల్ల జిగురుతో నక్షత్రం అతికిస్తే ఆరేసరికి అప్పడంలా వంకర తిరుగుతోంది. మడత దగ్గర చిట్లుతోంది కూడా. పోయినేడాది పన్నెండు పారేశాను, మళ్లీ అదే టెన్షన్.

జవాబు 1: అక్కా, తెల్ల జిగురులో నీళ్లుంటాయి. కాగితం పీల్చుకుని ఉబ్బుతుంది. గ్లూ స్టిక్ వాడి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టండి.

జవాబు 2: చార్ట్‌ను నిలువుగా, అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే అటే మడత రావాలి. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా గీత లాగి మడిస్తే చిట్లదు. ఏ4ను సగానికి కోసి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డులు రెండొస్తాయి.

ప్రశ్న అడిగినవారు: రాత్రి ఆరు చేశాను తమ్ముడూ, ఒక్కటీ చిట్లలేదు! మిగిలిన పెళ్లి శుభలేఖల బంగారు అంచులు కోసి, చిల్లు పెట్టి, ఎర్ర ఊలు కట్టి బైబిల్‌లో పెట్టుకునే గుర్తులు కూడా చేస్తున్నాం. వాక్యం మాత్రం స్కెచ్‌పెన్‌తో పెద్దక్షరాల్లో రాయిస్తున్నాను, వాళ్లకు చూపు ఆనదు కదా.