సుకార్‌ని తెలుగులో ఏమనాలి? ఒక సింధీ వానపాట దగ్గర ఆగిపోయాను

మొదటి పోస్టు:

మేముండేది సికింద్రాబాదులో, సింధీ కాలనీకి కొంచెం ఎడంగా. మా పక్క వాటాలో ఒక సింధీ కుటుంబం ఉంది. వెనకటికి బట్టల దుకాణం నడిపారు. ఇంటి పెద్దావిడకు తొంభైకి దగ్గర. ఉగాది నాడో మర్నాడో వాళ్లకు చేటీ చండ్ పండుగ వస్తుంది. మేం పచ్చడి పంపిస్తాం, వాళ్లు తాహిరీ అని తియ్యటి పసుపన్నం పంపిస్తారు. మా పచ్చడిలో వేపపువ్వును ఆవిడ వేలితో ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను.

మొన్న మృగశిర వెళ్లిన వారానికి సాయంత్రం గట్టిగా ఉరిమింది. కరెంటు పోయింది. ఆవిడ బాల్కనీలో కూర్చుని, ఒళ్లో ఉన్న స్టీలు పళ్లేన్ని ఉంగరం వేలితో తడుతూ ఒక పాట ఎత్తుకున్నారు. చివరి రెండు పాదాలు ఇవి. నాకు వినిపించినట్టు రాస్తున్నా, తప్పులుంటే దిద్దండి:

సాయీమ్ సదాయీ కరీ మథే సింధ్ సుకార్,
దోస్త్ మిఠా దిల్‌దార్, ఆలమ్ సభ్ ఆబాద్ కరీ.

ఇది షా అబ్దుల్ లతీఫ్ భిటాయీ (1689–1752) పదం. ఆయన పదాలన్నీ ‘షా జో రిసాలో’ అనే పెద్ద సంపుటం. అందులో ఒక్కో భాగానికి ఒక్కో ‘సుర్’ పేరు ఉంటుంది. ఈ పాదాలు ఉన్నది సుర్ సారంగ్‌లో, అంటే వాన గురించిన సుర్‌లో.

‘సాయీమ్’ అంటే నా స్వామీ. చివరి ‘మ్’లోనే ‘నా’ ఉంది. ‘మథో’ అంటే తల, ‘మథే’ అంటే మీద. ‘ఆలమ్ సభ్’ లోకమంతా. ‘ఆబాద్’ గురించి హైదరాబాదువాళ్లకు చెప్పక్కర్లేదు, ఊరు నిండుగా, నేల సాగులో ఉండటం. ఇంతవరకు బాగానే ఉంది. సుకార్ దగ్గర ఆగాను. వాళ్లబ్బాయిని అడిగితే ‘ప్రాస్పరిటీ’ అన్నాడు. ఆవిడ చెయ్యి ఊపేసి, ‘వాన పడితే, తిండి ఉంటే, ఎవరూ ఎక్కడికీ పోకుంటే, అది’ అన్నారు. ఆ మూడూ కలిసిన మాట తెలుగులో ఏది?

గుంటూరు నుంచి ఒక మాస్టారు:

ఇందులో వెతకడానికేముందండీ, సుభిక్షం. సుకార్ అంటే ‘సు కాల’. సింధీలో అచ్చుల మధ్య ‘ల’ చాలా చోట్ల ‘ర’ అవుతుంది. నలుపును హిందీవాళ్లు కాలా అంటే సింధీవాళ్లు కారో అంటారు. దీనికి ఎదురుమాట ‘డుకార్’, అంటే కరువు. మన దుష్కాలం లాంటిదే. అయితే ఆ ‘డు’ మన డకారం కాదు, గాలిని లోపలికి లాక్కుంటూ పలికే డ. సింధీలో అలాంటి హల్లులు నాలుగున్నాయి. మన లిపిలో వాటికి గుర్తు లేదు.

మన గుంపుకు నచ్చే సంగతి ఇంకొకటి. సింధీ కూడా మనలాగే అజంత భాష. నిదానంగా పలికితే సింధు, సుకారు, ఆలము అని పొట్టి అచ్చుతో ముగుస్తాయి. మీరు వేగంలో ఆ చివరి ఉకారాలు మింగేశారు. పాటలో అయితే అవి బయటికి వస్తాయి.

మొదట రాసినవారు:

నిజమే మాస్టారూ. మీరన్నాక మళ్లీ విన్నాను. ‘సుకారు’ అనే సాగదీశారు ఆవిడ.

సుభిక్షం నాకూ మొదటే తట్టింది. కానీ అందులో భిక్ష ఉంది కదా, అడిగితే పిడికెడు దొరికే కాలమని. ఆవిడ తొమ్మిదో ఏట కరాచీలో ఓడ ఎక్కి బొంబాయిలో దిగారు. దేశవిభజనలో పంజాబునూ బెంగాలునూ చీల్చి ఇటొక ముక్క, అటొక ముక్క చేశారు. సింధ్ అలా కాదు, మొత్తంగా అటే పోయింది. పది లక్షలకు పైగా హిందూ సింధీలు ఇటొచ్చారు గానీ ఇది మా రాష్ట్రం అని చెప్పుకోడానికి ఇక్కడ జానెడు నేల లేదు. కల్యాణ్ దగ్గర యుద్ధకాలంనాటి సైనిక బారకాసుల్లో పెట్టారు చాలామందిని. ఆ శిబిరాలే 1949లో ఉల్లాస్‌నగర్ అయ్యాయి. రేషను వరసలో గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల నోట్లో ‘భిక్ష’ ఉన్న మాట పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

పాలమూరు నుంచి ఒక అన్న:

మీరు మాటను నిఘంటువుల దేవులాడుతున్నరు. అది మా పొలం గట్టు మీదనే ఉన్నది. మా దిక్కు వాన మంచిగ పడి పంట చేతికొస్తే ‘ఈయేడు కాలమైంది’ అంటం. పడకుంటే ‘కాలం కాలే’. అంతే. కాలం అంటే గడియారం కాదు, వాన ఒక్కటే కూడా కాదు. వాన, పంట, గింజ, గడ్డి, మనిషి ఇంటి పట్టున ఉండుడు, అన్నీ అండ్లనే ఉన్నయి. కాలం కాకుంటే ఏమైతది? మూట గట్టి బొంబాయి బస్సెక్కుడే. మా నాయిన ఎక్కిండు. ఆ అవ్వ చెప్పిన మూడు ముక్కలూ మా మాటల సరిపోయినయి.

మొదట రాసినవారు:

అన్నా, దండం. ఇదే. సు‘కాల’లో ఉన్న కాలమే మీ కాలం. పైగా పాట వానపాట! అయితే ‘సాయీమ్ సదాయీ కరీ మథే సింధ్ సుకార్’ = ‘సామీ, ఎప్పుడూ సింధు మీద కాలం చెయ్యి’. సరిపోయిందా?

గుంటూరు మాస్టారు:

బాబూ ఆగండి! ‘కాలం చెయ్యి’ అంటే ఆయన్ని చచ్చిపొమ్మన్నట్టు. మా తాతగారు 1978లో కాలం చేశారు.

పాలమూరు అన్న:

సార్, నవ్వి నవ్వి కడుపునొచ్చింది. ‘కాలం కానియ్యి’ అనుండ్రి. దేవుడు చెయ్యడు, కానిస్తడు.

విశాఖ నుంచి ఒకరు:

మాట దొరికింది సంతోషం. కానీ మీరు ఆ రెండు పాదాలే రాశారు. దానికి ముందున్నది వదిలేస్తే అసలు రుచి పోతుందండి. మబ్బులు లేచి దేశాల మీద పోతుంటాయి. కొన్ని ఇస్తాంబుల్‌కు, కొన్ని పడమటికి, కొన్ని చైనా మీద మెరుస్తాయి, కొన్నిటికి సమర్కందు గుర్తొస్తుంది. కొన్ని కాబూల్, కొన్ని కందహార్. ఆ వరసలోనే ‘కీ దేహ్లీ, కీ దఖన్, కీ గుడన్ మథే గిర్నార్’ అని వస్తుంది: కొన్ని ఢిల్లీకి, కొన్ని దక్కనుకు, కొన్ని గిర్నార్ కొండ మీద ఉరుముతున్నాయి. ఇన్ని ఊళ్లు తిప్పాక కవి గొంతు వెనక్కి తిరిగి సింధ్ పేరెత్తుతుంది. అడిగింది తన నేలకు, వెంటనే రెండో పాదంలో లోకమంతటికీ.

మన దక్కన్ అందులో ఉందని చాలామందికి తెలియదు.

తిరుపతి నుంచి ఒక అమ్మగారు (హరికథ చెప్పే కుటుంబమట):

భాషకు కొంచెం పక్కదారే, మన్నించండి. ఇంతమంది చెల్లాచెదురయ్యాక పదాలు ఎలా నిలిచాయని నాకు కుతూహలం. సింధీలో ‘భగత్’ అని ఉంది, అచ్చం మన హరికథే. పొడుగాటి అంగీ, కాళ్లకు గజ్జెలు, పాట, ఆట, మధ్యలో పిట్టకథ. అందులో పెద్ద పేరు భగత్ కన్వర్ రామ్. 1939 నవంబరు 1న రుక్ స్టేషనులో, రైల్లో ఉండగానే కాల్చి చంపారు. ఆయన జోలపాట గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒకావిడ చనిపోయిన బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, సంగతి చెప్పకుండా ఒళ్లో పెట్టి జోల పాడమందట. ఆయన పాడేసరికి బిడ్డ కళ్లు తెరిచిందట. నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. జోలను వాళ్లు ‘లోలీ’ అంటారు. మన లాలికి అక్కయ్యో చెల్లెలో!

మొదట రాసినవారు:

అమ్మా, పక్కదారేం కాదు. నాకు తోచింది చెబుతాను. ఇటొచ్చాక సింధీని ఏ లిపిలో రాయాలన్నదే పెద్ద తగువైంది. యాభై రెండు అక్షరాల అరబీ లిపిలోనా, నాగరిలోనా అని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో భాషకు చోటు దొరికింది 1967 ఏప్రిల్‌లో. ఆలోగా ఒక తరం పిల్లలు ఇంగ్లీషు బడికి, హిందీ బడికి వెళ్లిపోయారు. మా పక్కింటి మనవరాలికి ఏ లిపిలోనూ సింధీ చదవడం రాదు. పెళ్లిళ్లలో పాడే లాడాలు మాత్రం పదిహేను దాకా నోటికి వచ్చు. మొన్నటి రెండు పాదాలూ వాళ్ల నానమ్మ ఆగిన చోట అందుకుని పూర్తి చేసింది ఆ పిల్లే. అర్థం అడిగితే భుజాలెగరేసింది.

అసలు రిసాలోకు ఇది కొత్త కాదు. కవి పోయిన 114 ఏళ్లకు గానీ అచ్చవలేదు. 1866లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ట్రంప్ అనే పండితుడు అచ్చువేయించాడు. అందాకా చేతిరాత ప్రతుల్లో, భిట్ షాలో ఆయన దర్గా దగ్గర ఫకీర్ల గొంతుల్లో ఉంది. భిట్ అంటే ఇసుకదిబ్బ, భిటాయీ అంటే దిబ్బమీది మనిషి. ఆ దర్గాలో ఇప్పటికీ రాత్రిపూట నల్లబట్టల ఫకీర్లు ఐదు తీగల దంబూరో మీటుతూ, మగవాళ్లే ఆడగొంతు అంత పైకి ఎత్తి పాడతారు. మొదటిసారి యూట్యూబులో విన్నప్పుడు నాకు చెవులు గుయ్యిమన్నాయి. రెండోసారికి అలవాటైంది. మూడోసారి ఆపలేకపోయాను.

విశాఖ నుంచి ఒకరు:

కష్టకాలం ఇటొచ్చినవాళ్లకే కాదండి, అక్కడే ఉండిపోయినవాళ్లకూ తప్పలేదు. 1955లో పాకిస్తాన్ పశ్చిమ ప్రాంతాలన్నిటినీ ఒకే యూనిట్‌గా కలిపేస్తే 1970 దాకా సింధ్ అనే రాష్ట్రమే లేదు. పదిహేనేళ్లు మ్యాపులో లేని పేరు ఈ పాటలో మాత్రం ఉంది. అప్పుడు ‘మథే సింధ్ సుకార్’ అని ఎత్తుకుంటే అది వాన గురించేనని ఎవరనుకుంటారు?

2017 ఫిబ్రవరి 16న సింధ్‌లోనే సెహ్వాన్‌లో, లాల్ షహ్‌బాజ్ కలందర్ అనే సూఫీ దర్గాలో బాంబు పేలి ఎనభై మందికి పైగా పోయారు. మర్నాడు తెల్లవారుజామున దర్గా గంట రోజూలాగే మోగించారు. నాలుగు రోజులకు షీమా కెర్మానీ అనే నర్తకి కరాచీ నుంచి వెళ్లి అదే చోట ధమాల్ అనే సూఫీ ఆట ఆడింది.

గుంటూరు మాస్టారు:

నేను సుభిక్షం దగ్గరే ఉన్నాను, అయినా పాలమూరు మాట ఈ పాటకు అతుకుతుందని ఒప్పుకుంటున్నాను. ఒక్క సందేహం. కోస్తావాడు ‘కాలం కానియ్యి’ చదివితే ‘టైము అవనియ్యి’ అనుకోడూ?

పాలమూరు అన్న:

అనుకోనియ్యిండ్రి సార్. ఒకపారి అడుగుతడు, చెప్తం. మేము మీ ‘ఏరువాక’ నేర్చుకోలేదా?

ఇంకో ముచ్చట. 2022ల సింధ్ అంత నీళ్లల్ల మునిగింది గదా. అప్పుడు వాన పడ్డది, కాలం కాలే. అందుకే చెప్తున్న, సుకార్‌ను ‘వాన’ అని మాత్రం రాయకుండ్రి.

మొదట రాసినవారు:

రాయను అన్నా. పట్టుకున్నారు మీరు. ‘ఆబాద్’ను ‘పచ్చగా’ అందామనుకుంటున్నాను. ‘పచ్చగా ఉండు నాయనా’ అని మన ముసలమ్మలు దీవించే పచ్చ. ఇదీ నా ప్రయత్నం:

సామీ, ఎప్పటికీ సింధు మీద కాలం కానియ్యి,
తీపి నేస్తమా, లోకమంతా పచ్చగుండనియ్యి.

నిన్న రాత్రి దీన్ని ఆవిడకు చదివి వినిపించాను. తెలుగు బేరాలాడటానికి సరిపడా వచ్చు ఆవిడకు. మొదటి పాదం రెండుసార్లు చదివించుకున్నారు. ‘కాలం కానియ్యి’ని పళ్లెం మీద కొట్టి చూశారు, తాళంలో పడింది. తర్వాత విశాఖవారు చెప్పిన మబ్బుల వరస అడిగాను. కళ్లు మూసుకుని ఇస్తాంబుల్ నుంచి అందుకున్నారు. ‘కీ దేహ్లీ, కీ దఖన్’ దగ్గర ఆపి, అన్నను ఢిల్లీ వైపు, తమను ఇటు పంపించారని వేళ్లతో గోడ మీద చూపించారు. పుట్టింది సింధ్‌లోని హైదరాబాదు, ముసలితనం ఈ హైదరాబాదు. ఆ గిర్నార్ పాదం తరవాత ఏముందో గుర్తు రాలేదు. మనవరాలిని పిలిచారు. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి జైసల్మేర్ నుంచి అందుకుంది.